బోం జీసస్ చర్చి గోడలకు మళ్ళీ సున్నం వేయాలా, ఎర్రరాయిని అలాగే వదిలేయాలా?

వానచినుకు

అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో ఇంటిల్లిపాదీ గోవా వెళ్తున్నాం. బీచ్‌లు పిల్లల కోసం. నేను మాత్రం పాత గోవాకి ఒక రోజంతా కావాలని పట్టుబట్టాను.

ఫోటోలు చూస్తుంటే ఒక సందేహం వచ్చింది. సే కేథడ్రల్ తెలుపు, పక్కనే ఉన్న సెయింట్ ఫ్రాన్సిస్ అసిసి చర్చి తెలుపు, కాస్త అవతలి సెయింట్ కజెటన్ కూడా తెలుపే. రోడ్డుకి ఇటువైపున్న బోం జీసస్ బాసిలికా ఒక్కటే ఎర్రగా, రాయి బయటికి కనిపిస్తూ ఉంది. మొదటి నుంచీ ఇలాగే కట్టారా? ఒకప్పుడు గోడలకు పూత ఉండేదనీ, మళ్ళీ వేయాలని ఇప్పుడు వాదన నడుస్తోందనీ ఎక్కడో చదివాను. నాకైతే ఆ ఎరుపే అందంగా అనిపిస్తోంది. అసలు సంగతేంటో తెలిసినవాళ్ళు చెప్పగలరా?

---

చరిత్ర_పంతులు

మంచి ప్రశ్న వేశారు. మొదటి నుంచీ ఇలా లేదు.

జెస్యూట్లు (కాథలిక్ యేసు సభ గురువులు) ఈ చర్చికి 1594లో పునాది వేశారు. 1605 మే 15న ప్రతిష్ఠ జరిగింది. గోడలు లేటరైట్ రాయితో కట్టి పైన సున్నపు గిలాబు చేశారు. చర్చి ముందు భాగంలో స్తంభాలకూ చెక్కడాలకూ వాడింది వేరే రాయి. అది నల్లటి బసాల్ట్, ముంబై దగ్గరి వసయి నుంచి పడవల మీద తెచ్చుకున్నారు. ఈ రెండు రాళ్ళ తేడా గుర్తుపెట్టుకోండి, చర్చంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

పూత పోయింది 1950లలో. అప్పటికి గోవా ఇంకా పోర్చుగల్ చేతిలోనే ఉంది. పోర్చుగల్‌లో 1929లో జాతీయ కట్టడాల కోసం ఒక ప్రభుత్వ శాఖ పెట్టారు. పాత చర్చిల మీద తర్వాతి కాలంలో చేరిన పూతలు, అలంకారాలు ఒలిచేసి 'అసలు రాయి' చూపించడం ఆ రోజుల్లో అక్కడ పెద్ద పద్ధతి. ఆ శాఖలో పనిచేసిన వాస్తుశిల్పి బల్తజార్ కాస్త్రో గోవా వచ్చి, బోం జీసస్‌కి కూడా అదే పని చేయించాడు. కట్టడం ఇంకా ప్రాచీనంగా కనిపించాలన్నది ఉద్దేశం. ఉత్తర పోర్చుగల్‌లో చాలా చర్చిలు గ్రానైట్‌వి. అక్కడ పూత తీసినా రాయికి పెద్దగా ఏమీ కాదు. ఇక్కడున్నది లేటరైట్, పైగా అరేబియా సముద్రపు వాన.

అంటే మనం చూస్తున్న ఎరుపు వయసు 70 ఏళ్ళు. అంతకుముందు మూడున్నర శతాబ్దాలు ఆ గోడలు పూతలోనే ఉన్నాయి.

---

తాపీ_ఇంజనీర్

పంతులుగారు చరిత్ర చెప్పారు కాబట్టి నేను రాయి సంగతి చెప్తాను. మాది రాజమండ్రి. పాత కట్టడాల మరమ్మతుల పనే చేస్తాను.

లేటరైట్ భూమిలోంచి తీసినప్పుడు మెత్తగా ఉంటుంది, గొడ్డలితో కూడా కోయొచ్చు. గాలి తగిలాక గట్టిపడుతుంది. దీనికి ఆ పేరు పెట్టింది ఫ్రాన్సిస్ బుకానన్ అనే ఆయన, 1807లో, కేరళలోని అంగాడిపురం రాయిని చూసి. గట్టిపడుతుంది కదా అని గ్రానైట్ అనుకోకూడదు. ఇనుము ఎక్కువున్న గట్టి భాగం ఒక జల్లెడలా ఉంటుంది, దాని కంతల్లో మెత్తటి బంకమట్టి నిండి ఉంటుంది. వాన నేరుగా కొడితే ముందు ఆ మట్టి కడుక్కుపోతుంది. తర్వాత మిగిలిన ఇనుప గోడలు పలచబడి విరుగుతాయి. ఈసారి వెళ్ళినప్పుడు పక్క గోడ దగ్గర నిలబడి చూడండి. కొన్ని రాళ్ళలో మీ బొటనవేలు పట్టేంత గుంటలు ఉంటాయి. కింద నేల మీద ఎర్రటి గుండ కనిపిస్తే అది ఆ గోడదే.

గోవాలో ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడుతుంది. మన కోస్తాలో పడేదానికి ఇది రెండింతలకు పైనే. ఆ వానకి ఉప్పుగాలి తోడు. రాయి నీళ్ళు పీలుస్తుంది, ఎండాకాలం ఆ నీళ్ళు ఆవిరవుతూ ఉప్పుని పైకి లాక్కొస్తాయి. ఉప్పు గడ్డకట్టిన చోట పొర లేచిపోతుంది. మళ్ళీ వాన, మళ్ళీ ఎండ.

పాత మేస్త్రీలకు ఇదంతా తెలుసు. అందుకే బయటికి కనిపించాల్సిన చోట బసాల్ట్ పెట్టి నున్నగా చెక్కారు, కనిపించనక్కర్లేని గోడకి లేటరైట్ పెట్టి సున్నం కప్పారు. ఆ లేటరైట్ రాళ్ళ అంచులు సరిగ్గా కలవవు, అతుకులు వంకరటింకరగా ఉంటాయి. ఎవరి కంటా పడని గోడ కాబట్టి పట్టించుకోలేదు. నా అభిప్రాయం అడిగితే పూత మళ్ళీ వేయాల్సిందే, ఇప్పటికే ఆలస్యమైంది.

---

ఎర్రమట్టి_కెమెరా

ఇంజనీర్‌గారూ, మీరు చెప్పింది అర్థమైంది. అయినా ఒప్పుకోలేను.

నేను ఫోటోలు తీసేవాణ్ణి, విజయవాడ నుంచి. సాయంత్రం ఎండ పడమటి నుంచి ఆ ముఖద్వారం మీద పడినప్పుడు చూశారా? నల్లటి స్తంభాలు, వాటి మధ్య ఎర్రటి రాయి, అన్నిటికన్నా పైన దేవదూతల మధ్య యేసు పేరుని సూచించే ఐ.హెచ్.ఎస్. అనే అక్షరాలు. దేశంలో ఇంకే చర్చీ అలా ఉండదు. గోవా అనగానే కోట్లమంది కళ్ళ ముందు మెదిలేది ఈ రూపమే. మూడు తరాల గోవా వాళ్ళు దీన్ని ఎర్రగానే చూస్తూ పెరిగారు. 1605 నాటిది మాత్రమే చరిత్ర, 1950ల నాటిది కాదు అని ఎవరు నిర్ణయిస్తారు? కాస్త్రో చేసింది తప్పే కావచ్చు. ఆ తప్పుకి కూడా ఇప్పుడు వయసొచ్చింది.

ఇంకోటి. 1986లో యునెస్కో 'గోవా చర్చిలు, కాన్వెంట్లు' అని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిందే, అప్పటికి బోం జీసస్ ఎర్రగానే ఉంది. లోకం గుర్తించిన రూపం అది.

---

వాస్కో_తెలుగు

మేం గోవాలోని వాస్కోలో స్థిరపడిన తెలుగు కుటుంబం. పిల్లలు కొంకణి కూడా మాట్లాడతారు.

ఫోటోగ్రాఫర్‌గారూ, మీరు చూసిన ఆ ఎండ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉంటుంది. జులైలో ఒకసారి రండి. ఇక్కడ పల్లెల్లో మే నెల చివర చేసే పని ఒకటి చెప్తాను. పాత ఇళ్ళ బయటి గోడలకి, ముఖ్యంగా పడమటి వైపు, కొబ్బరాకులు అల్లిన తడికలు కడతారు. గిలాబు చేసిన గోడలకి కూడా కడతారు. వాన గోడకి నేరుగా తగలకూడదు, అంతే. ఇప్పుడు చాలామంది ప్లాస్టిక్ పట్టాలు కట్టేస్తున్నారనుకోండి. ఇంటి గోడకే అంత జాగ్రత్త పడే ఊళ్ళో 400 ఏళ్ళ చర్చి గోడ ఏ ఆచ్ఛాదనా లేకుండా నిలబడి ఉంది.

పూత లేని లేటరైట్ కట్టడం చివరికి ఏమవుతుందో చూడాలంటే బాసిలికా నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది. పక్కనున్న గుట్ట మీద సెయింట్ అగస్టీన్ శిథిలాలు. 1602లో పూర్తయిన చర్చి అది. 1835లో ప్రభుత్వం సన్యాస సభల్ని వెళ్ళగొట్టడంతో పట్టించుకునే దిక్కు లేకుండా పోయింది. 1842లో పైకప్పు కూలింది. 1931లో ముఖద్వారం, గోపురంలో సగం పడిపోయాయి. ఇప్పుడు 46 మీటర్ల గోపురం ఒక్కటి, అది కూడా అరకొరగా నిలబడి ఉంది. దాని గంట ఇప్పుడు పణజిలో మెట్ల మీద ఉన్న ఇమ్మాక్యులేట్ కన్సెప్షన్ చర్చిలో మోగుతుంది.

అక్కడ కూలింది పూత లేక అని నేననడం లేదు, కప్పు పోవడం మొదటి దెబ్బ. కానీ నీళ్ళు లోపలికి దిగడం మొదలైతే ఈ రాయి ఎంత తొందరగా లొంగిపోతుందో అక్కడ కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది.

---

శౌరి_మనవరాలు

ఇంతసేపూ రాయి, రంగు, ఫోటో అంటున్నారు. అది గుడి అన్న సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

మాది గుంటూరు జిల్లా, తరాలుగా కాథలిక్కులం. మా ఊళ్ళో ఇంటికో శౌరయ్య, శౌరమ్మ ఉంటారు. మా తాతగారు కూడా శౌరయ్యే. పునీత ఫ్రాన్సిస్ శౌరివారి (సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్) పేరది, ఆయన శరీరం ఉన్నది ఈ బోం జీసస్‌లోనే. ఆయన 1552 డిసెంబరు 3న చైనా తీరంలోని ఒక ద్వీపంలో చనిపోయారు. 1554లో శరీరాన్ని గోవా తెచ్చారు. పదేళ్ళకోసారి ప్రజల దర్శనానికి పెడతారు. మొన్న 2024 నవంబరు 21 నుంచి 2025 జనవరి 5 దాకా జరిగింది. మా విచారణ (పారిష్) నుంచి బస్సు కట్టుకుని వెళ్ళాం. దర్శనం సే కేథడ్రల్‌లో. బాసిలికా నుంచి ఆయన శరీరాన్ని ఊరేగింపుగా అక్కడికి తీసుకెళ్తారు.

బాసిలికాలో ఆయన శరీరం ఉండే వెండి పేటికని గోవా కంసాలులే చేశారు, 1636-37లో. కిందనున్న పాలరాతి సమాధి పీఠం మాత్రం ఇటలీ నుంచి వచ్చింది. టస్కనీ పాలకుడు మూడో కోసిమో దె మెదిచి ఇచ్చిన కానుక, చెక్కింది ఫ్లోరెన్స్ శిల్పి ఫోజీని. 1698లో ఇక్కడ నిలబెట్టారు. నేను పీఠం చుట్టూ తిరిగి చూశాను. శౌరివారి జీవితం నుంచి కంచు ఫలకాలు నాలుగు వైపులా ఉన్నాయి. జనం తోపులాటలో ఎవరూ వాటిని చూడట్లేదు, అది బాధనిపించింది.

బయటి గోడలోంచి దిగే చెమ్మ లోపలికి రాకుండా ఉంటుందా? బంగారు పూత పూసిన చెక్క బలిపీఠం ఉంది, పాత వర్ణచిత్రాలున్నాయి. బయట అందంగా కనపడాలని లోపలున్నవి పాడుచేసుకోవడం మాకు సమ్మతం కాదు. మాకది రోజూ దివ్యబలిపూజ జరిగే చోటు.

---

నిష్ఠూరమైన_మాట

అందరూ సున్నం గురించి మాట్లాడుతున్నారు కాబట్టి ఈ మాట కూడా ఎవరో ఒకరు అనాలి.

ఈ చర్చిలు ఎలా వచ్చాయి? 1540లో, పాత గోవా ఉన్న తిస్వాడి దీవిలో ఆలయాలన్నీ పడగొట్టించారు. మంగేశుణ్ణి కుశస్థలి నుంచి రాత్రికి రాత్రి నది దాటించి ప్రియోళ్‌లో దాచుకున్నారు. శాంతాదుర్గమ్మ కేళశి నుంచి కవళే చేరింది. 1560 నుంచి 1812 దాకా, మధ్యలో కొన్నేళ్ళు తప్ప, ఇక్కడ ఇంక్విజిషన్, అంటే చర్చి మతవిచారణ కోర్టు, నడిచింది. దాని భవనం సరిగ్గా ఈ చర్చిల మధ్యే ఉండేది. ఈ కట్టడాల్ని 'వారసత్వం' అని కాపాడుకోవడానికి మన ప్రజాధనం ఖర్చుపెడుతున్నాం. నాకు చర్చిల మీద ద్వేషం లేదు. కానీ టూరిస్టు బోర్డుల మీద ఈ ముక్క ఎందుకు ఉండదు?

---

చరిత్ర_పంతులు

మీరన్నవేవీ అబద్ధం కాదు. వాటిని దాచిపెట్టి పాత గోవాని చూపించడం నాకు కూడా నచ్చదు. కొంచెం కలుపుతాను.

ఇంక్విజిషన్ ఎక్కువగా పట్టుకున్నది మతం మారినవాళ్ళనే. ఇంట్లో తులసికోట ఉంచుకున్నారనో, పాత పద్ధతిలో పెళ్ళి చేశారనో పట్టుకుపోయేవాళ్ళు. అంటే ఈనాటి గోవా కాథలిక్కుల పూర్వీకులే దాని కింద నలిగారు. ఈ చర్చి గోడలు మోసిన చేతులు కూడా వాళ్ళవే. పోర్చుగీసువాళ్ళు పటాలు గీసుకుని వచ్చి ఉండొచ్చు. రాయి కొట్టింది, గుల్లలు కాల్చి సున్నం చేసింది, బలిపీఠాల కొయ్య చెక్కింది ఇక్కడివాళ్ళు. సెయింట్ ఫ్రాన్సిస్ అసిసి చర్చి గోడల మీద పూలతీగల బొమ్మలు చూడండి, లిస్బన్ నుంచి వచ్చిన చెయ్యి కాదది.

ఆ దగ్గర్లోనే ఇంకొకటి చూపిస్తాను. సెయింట్ కజెటన్ దగ్గర ఒక ఒంటరి రాతి ద్వారం ఉంటుంది. పోర్చుగీసువాళ్ళకి ముందు గోవా ఏలిన బీజాపూర్ సుల్తాన్ ఆదిల్ షా భవనంలో మిగిలింది అదొక్కటే. బసాల్ట్ రాయి, చెక్కడం హిందూ పద్ధతిలో ఉంటుంది. ఆ ద్వారం ముందు ఆగేవాళ్ళు తక్కువ. నా మటుకు నేను పాత గోవా నడక అక్కడి నుంచే మొదలుపెట్టాలంటాను.

కట్టినవాళ్ళ పాపాన్ని బట్టి కట్టడాన్ని వదిలేయడం మొదలుపెడితే ఏ రాజు కోట మిగులుతుంది? బోర్డు మీద ఆ చరిత్ర రాయాలన్న మీ డిమాండ్‌తో మాత్రం నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తాను. ఇంగ్లీషులో, కొంకణిలో, మరాఠీలో, మూడింటిలోనూ.

---

నిష్ఠూరమైన_మాట

బోర్డు విషయంలో ఒప్పుకున్నందుకు సంతోషం. మంగేశి, శాంతాదుర్గ ఆలయాలు, తాంబ్డి సుర్ల మహాదేవుడు, వీటిని కూడా అదే రోజు ప్లాన్‌లో చేర్చమని వానచినుకుగారికి నా మనవి. తాంబ్డి సుర్ల అడవిలో ఉండబట్టి బతికిపోయిన గుడి. పాత గోవా చూశాక దాన్ని చూస్తే కథ రెండో వైపు తెలుస్తుంది.

---

వాస్కో_తెలుగు

చేర్చొచ్చు కానీ ఒకే రోజులో కుదరదు. మంగేశి పాత గోవా నుంచి దగ్గరే. తాంబ్డి సుర్ల తూర్పున కనుమల్లో ఉంది, దానికి విడిగా ఒక పూట పెట్టుకోండి.

---

జీవకణం_హైదరాబాద్

సెయింట్ అగస్టీన్ పేరెత్తారు కాబట్టి మన హైదరాబాద్‌కి సంబంధించిన ముక్క ఒకటి. ఇది చాలామందికి తెలియదు.

జార్జియా దేశపు రాణి కెతెవాన్‌ని పర్షియా షా అబ్బాస్ మతం మారమని ఒత్తిడి చేశాడు. ఆమె ఒప్పుకోకపోతే 1624లో షిరాజ్‌లో చిత్రహింసలు పెట్టి చంపించాడు. అక్కడున్న అగస్టీన్ సభ గురువులు ఆమె ఎముకలు కొన్ని రహస్యంగా గోవా తెచ్చి ఈ చర్చిలో ఒక కిటికీ దగ్గర రాతి పెట్టెలో ఉంచారని పాత పోర్చుగీసు రాతల్లో ఉంది. చర్చి కూలిపోయాక ఆ పెట్టె ఎక్కడుందో ఎవరికీ తెలియకుండా పోయింది. జార్జియా వాళ్ళు ఏళ్ళ తరబడి వెతికారు. చివరికి 2004లో పురావస్తు శాఖ తవ్వకాల్లో ఎముక దొరికింది.

అది ఆమెదేనా అని తేల్చే పని మన ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీ పరిశోధన సంస్థకి వచ్చింది. ఎముకలోంచి తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ తీసి చూశారు. మన దేశంలో కనిపించని, జార్జియాలో కనిపించే రకమని తేలింది. అక్కడే దొరికిన మరో రెండు ఎముకలు మాత్రం దక్షిణాసియా వాళ్ళవే. 2021 జులైలో భారత ప్రభుత్వం ఆ అవశేషాన్ని జార్జియాకి కానుకగా అప్పగించింది.

పూత వేయాలా వద్దా అనే వాదనలో నా మాట ఇదే. ఈ కట్టడాల్లో గోడ కూడా ఒక దస్తావేజే. 'రెండో కిటికీ' అని రాసిన వాక్యం పట్టుకుని తవ్వారు, కిటికీ ఆనవాలు మిగిలింది కాబట్టే దొరికింది. రాయి అరిగిపోతే అలాంటి ఆనవాళ్ళు కూడా పోతాయి.

---

చరిత్ర_పంతులు

చాలా మంచి సంగతి చెప్పారు. మన వైపు మరో లంకె: సెయింట్ కజెటన్ చర్చి కట్టిన తియాటిన్ సభ గురువులు 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో కూడా పనిచేశారు. రోమ్‌లోని సెయింట్ పీటర్స్ నమూనాలో గోవాలో గుమ్మటం లేపినవాళ్ళూ, మన కుతుబ్ షాహీల కాలంలో ఇక్కడ తిరిగినవాళ్ళూ ఒకే సభవాళ్ళు.

---

మెదక్_పిల్ల

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా మెదక్ చర్చికి ఇలాంటి సమస్య ఎందుకు లేదు? అది కూడా ఆ కాలపు కాథలిక్ చర్చే కదా?

---

తాపీ_ఇంజనీర్

లేదమ్మా, మెదక్ చర్చి కాథలిక్ కాదు. మెథడిస్టు మిషనరీలు కట్టించారు, ఇప్పుడు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ. రాయి కూడా మన తెలంగాణ గ్రానైటు. అక్కడి వాన తక్కువ, రాయి గట్టిది. అందుకే రెండింటినీ కలపలేం.

---

ఎర్రమట్టి_కెమెరా

అందరి మాటలూ చదివాను. చెమ్మ గురించి శౌరి_మనవరాలుగారు చెప్పింది ఆలోచించదగ్గదే. నా భయం ఏమిటో సూటిగా చెప్తాను.

మన దేశంలో 'పూత వేస్తాం' అంటే ఏం జరుగుతుందో చూస్తూనే ఉన్నాం. పాత గుళ్ళకి సిమెంటు కొట్టి, మీద ఎనామిల్ రంగు పూసి, శిల్పాల ముక్కు చెవులు పూడ్చేసిన చోట్లు మన జిల్లాల్లోనే ఎన్నో ఉన్నాయి. బోం జీసస్‌కి కూడా అలాగే టెండర్ పిలిచి, తక్కువ కోట్ చేసినవాడికిచ్చి, మూడు నెలల్లో ముగించేస్తే? ఎరుపు పోతుంది, రాయి కూడా పోతుంది. ఆ మాత్రం దానికి ఇప్పుడున్నట్టే వదిలేయడం నయం కాదా? సున్నం పని సరిగ్గా చేయగల మేస్త్రీలు ఇంకా ఉన్నారా? ఇంజనీర్‌గారు దీనికి జవాబు చెప్పాలి.

---

తాపీ_ఇంజనీర్

ఈ భయం న్యాయమైనదే. అందుకే కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు సిమెంటు సంగతి. లేటరైట్ మీద సిమెంటు వేయడమంటే దాని గొంతు నొక్కడమే. సిమెంటు గట్టిది, నీటి ఆవిరిని బయటికి పోనివ్వదు. కింది నుంచో పై నుంచో గోడలోకి చేరిన చెమ్మ రాయిలోనే చిక్కుకుపోతుంది. కొన్నేళ్ళకి సిమెంటు పొర రాయిని కూడా పట్టుకుని పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తుంది. సున్నం అలా కాదు. రాయికంటే మెత్తన. గోడలోని చెమ్మని బయటికి పోనిస్తుంది. వాన దెబ్బ తాను తింటుంది, ఉప్పు తన పొరలో పేరుకుంటుంది, చివరికి తాను రాలిపోతుంది. రాలిన చోట మళ్ళీ వేస్తాం. రాయి బదులు అరిగిపోవడమే దాని పని.

మన కోస్తాలో పెద్దవాళ్ళకి గుల్ల సున్నం, డంగు సున్నం గుర్తుండే ఉంటాయి. సున్నాన్ని గోతిలో నానబెట్టి వారాల తరబడి మగ్గనిచ్చి, ఇసుకతో కలిపి గానుగలో తిప్పి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు పోసి వాడేవారు. గోవాలో కూడా గుల్లలు కాల్చిన సున్నమే వాడారు. ఒక్కసారిగా అంగుళం మందం వేయకూడదు. పలచగా ఒక పొర, అది ఆరాక ఇంకో పొర. ఎండ తగలకుండా తడి గోనెపట్టాలు కట్టి నెమ్మదిగా ఆరనివ్వాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది, దానికి టైం పడుతుంది. ఈ పని నవంబరులో మొదలైతే మార్చికల్లా ఆగిపోవాలి. వానాకాలానికి ముందు హడావిడిగా వేసిన పూత మొదటి వానకే జారిపోతుంది.

అన్నిటికంటే ముందు చేయాల్సింది పూత కాదు. పైకప్పు పెంకులు, నీటి కాలవలు, గోడ అడుగున నీళ్ళు నిలవకుండా నేల వాలు సరిచేయాలి. గోడలోకి నీళ్ళు దిగే దారి మూయకుండా పూత వేస్తే వ్యర్థం. తర్వాత అతుకుల్లో సున్నం నింపడం, బాగా తినేసిన రాళ్ళ స్థానంలో అదే రకం కొత్త రాయి పెట్టడం. ఇవన్నీ అయ్యాకే గిలాబు. దాని మీద వెల్ల, అది రెండు మూడేళ్ళకోసారి వేస్తూనే ఉండాలి.

మేస్త్రీల విషయం. ఉన్నారు, తగ్గిపోయారు. నేర్చుకునే కుర్రాళ్ళు కూడా ఉన్నారు, ఎటొచ్చీ ఏడాది పొడుగునా పని దొరకదు. బోం జీసస్ లాంటి పెద్ద పని నాలుగేళ్ళు నెమ్మదిగా సాగితే అక్కడే ఒక తరం తయారవుతుంది. కాబట్టి టెండర్ హడావిడి వద్దని మీతో పాటు నేను కూడా అంటున్నాను.

మొత్తం గోడకి ఒకేసారి మొదలుపెట్టమని నేను కూడా అడగను. ఉత్తరం వైపు, ఆపు గోడల మధ్య, జనం కెమెరాలకి దొరకని చోట ఒక నమూనా ముక్క వేయాలి. దాని పక్కనే అంతే వైశాల్యం వేయకుండా వదలాలి. వేసేముందు రాయి రాయికీ కొలతలు, ఫోటోలు తీసి దాచాలి. రెండు మూడు వానాకాలాలు పోయాక రెండు ముక్కల్లోనూ చెమ్మ కొలిచి, ఆ లెక్క జనం ముందు పెట్టాలి.

---

ఎర్రమట్టి_కెమెరా

నమూనా ముక్కకైతే నాకు అభ్యంతరం లేదు. ఒక షరతు మీద. ముఖద్వారం జోలికి చివరిదాకా వెళ్ళకూడదు, పక్క గోడల ఫలితాలు చూశాకే దాని సంగతి. ఆ ఎరుపు పోతుందంటే నాకు ఇప్పటికీ మనసొప్పడం లేదు, అది నిజం.

---

శౌరి_మనవరాలు

మనసొప్పకపోవడం తప్పేం కాదండీ. మీలాంటివాళ్ళు తీసిన ఫోటోలు చూసే కదా చాలామంది ఆ గుమ్మం దాకా వస్తున్నారు. లోపలికొచ్చినప్పుడు ఆ కంచు ఫలకాలు కూడా తీయండి, వాటికి సరైన ఫోటోలు లేవు. ఫ్లాష్ మాత్రం వాడకండి.

---

వానచినుకు

ఇంత విషయం ఉంటుందనుకోలేదు. అందరికీ చాలా థ్యాంక్స్. ఇంట్లో వాళ్ళకి చదివి వినిపిస్తే మా నాన్నగారు కూడా బయల్దేరుతానన్నారు. ఆయన కుర్రతనంలో డంగు సున్నం గానుగ దగ్గర పనిచేశారట. మరి ఏ వరసలో చూడమంటారు? ఆయన ఎక్కువ నడవలేరు.

---

వాస్కో_తెలుగు

పొద్దున తొమ్మిదిలోపు వచ్చేయండి, తర్వాత టూరిస్టు బస్సులు దిగుతాయి. డిసెంబరు 3 పండుగ అయిపోయి ఉంటుంది కాబట్టి జనవరి మధ్యలో మరీ అంత రద్దీ ఉండదు. ఆదివారం మాత్రం వద్దు, పూజల టైం.

పంతులుగారన్నట్టు ఆదిల్ షా ద్వారం దగ్గర మొదలుపెట్టండి, ఆ పక్కనే సెయింట్ కజెటన్. లోపల గుమ్మటం కింద నేలలో బావి ఉంటుంది, పిల్లలకి చూపించండి. తర్వాత సే కేథడ్రల్. దాని ముందు రెండు గోపురాలుండేవి, 1776లో ఒకటి పోయింది, అందుకే ఒంటి భుజంతో ఉన్నట్టుంటుంది. కొన్ని కిటికీలకి గాజు బదులు ముత్యపు చిప్ప పలకలు ఉంటాయి, దగ్గరికెళ్ళి వెలుతురుకి చూడండి. ఆ ప్రాంగణంలోనే సెయింట్ ఫ్రాన్సిస్ అసిసి, మ్యూజియం. రోడ్డు దాటితే బోం జీసస్. సెయింట్ అగస్టీన్ గుట్ట మీద ఉంది, నాన్నగారి కోసం కారు పైదాకా వెళ్తుంది.

బోం జీసస్‌లో ముందు గుమ్మంలోంచి లోపలికెళ్ళి దర్శనం చేసుకుని వచ్చేయకండి. బయట ఉత్తరం గోడ వెంట నాన్నగారిని నడిపించండి. ఆ గోడ చూసి ఆయన ఏమంటారో ఇక్కడ రాయండి. ఇంజనీర్‌గారికి కూడా పనికొస్తుంది.

---

తాపీ_ఇంజనీర్

తప్పకుండా రాయండి. వీలైతే ఆయన్ని ఒకటి అడిగి చెప్పండి: మీ వైపు గానుగలో సున్నానికి ఇసుక ఎన్ని పాళ్ళు కలిపేవారు, కరక్కాయ నీళ్ళు ఎన్ని రోజులు నాననిచ్చేవారు. ఊరు ఊరికీ ఆ లెక్క మారుతుంది, ఎక్కడా రాసిపెట్టలేదు.